రెండు గుడ్ల గిన్నె

మేడమ్, ముందు నేనే ఒక ప్రశ్న అడుగుతాను, దాన్ని కూడా రాసుకోండి. మీ దగ్గర పనిచేసే ఆడమనిషి వచ్చి "నేను కడుపుతో ఉన్నాను" అంటే మీ చూపు ముందు ఎటు పోతుంది? ఆమె ముఖం మీదికా, గోడ మీది క్యాలెండర్ మీదికా? ఈ కాగితం రేపు ఏ అంగడివాడి చేతిలో పడినా, ఈ ప్రశ్నకు తనలో తాను జవాబు చెప్పుకున్నాకే ముందుకు చదవాలి. నా చూపు క్యాలెండర్ మీదికి పోయింది.

నా పేరు తియోంగ్ సీ హాక్. తండ్రి పేరు తియోంగ్ మింగ్ కూయ్, ఇప్పుడు లేరు. నా వయసు అరవై ఒకటి. ఉండేది మలేషియా, సరవాక్ రాష్ట్రం, సిబులో, లానాంగ్ రోడ్డు వెనక సందులో. వృత్తి కొంపియా రొట్టెలు కాల్చి అమ్మడం. ఆదివారాలు మా మెథడిస్టు సంఘంలో వాక్యం చెబుతాను. నేను పాస్టరును కాను. ఆరో తరగతితో బడి మానేశాను. బట్టీ దగ్గర కూర్చుని బైబిలు నాకు నేనే నేర్చుకున్నాను. గొంతు పెద్దది కాబట్టి పెద్దలు నన్ను నిలబెడతారు.

పోయిన నెల పదకొండో తారీకున ఇదే కార్మిక శాఖ ఆఫీసులో, ఇదే బల్ల ముందు నేనొక వాంగ్మూలం ఇచ్చాను. "లెమాయ్ తనంతట తనే పని మానేసింది. వెళ్ళమని నేను ఒక్క మాట కూడా అనలేదు" అని చెప్పాను. రెండో వాక్యం నిజం. మొదటిది అబద్ధం. నిజాన్ని దుప్పటిలాగా అబద్ధం మీద కప్పాను. ఇవాళ ఆ దుప్పటి తీయడానికి వచ్చాను. నన్నెవరూ పిలవలేదు, బెదిరించలేదు.

మా అంగట్లో నాతో కలిపి ఐదుగురం. నేను, నా భార్య లాన్ హువా, పిండి పిసికే సులావ్, రొట్టెలు ఊరంతా తిప్పే నా మేనల్లుడు ఆ హీ, బట్టీ దగ్గర లెమాయ్. లెమాయ్ ఇబాన్ తెగ పిల్ల, వయసు ఇరవై తొమ్మిది. సొంతూరు కనోవిట్ దాటాక నది ఎగువన, ఊరంతా ఒకే కప్పు కింద ఉండే, పడవెక్కితేగాని చేరని లాంగ్‌హౌస్. భర్త ఙెలాయ్ ఇక్కడే పడవలు కట్టే చోట వెల్డింగ్ చేస్తాడు. లెమాయ్ ఎనిమిదేళ్ళుగా మా దగ్గర ఉంది.

బట్టీ పని మీరు చూసి ఉండరు. అది మట్టితో చేసిన పెద్ద కాగు లాంటిది, అడుగున నిప్పులు. పిండి బిళ్ళని అరచేతిలో పెట్టుకుని, నడుం వంచి, చెయ్యి భుజం దాకా లోపల పెట్టి గోడకి అంటించాలి. తొందరపడితే బిళ్ళ నిప్పుల్లో పడుతుంది. ఆలస్యమైతే చెయ్యి కాలుతుంది. లెమాయ్ అంటించిన బిళ్ళ ఎప్పుడూ పడలేదు. ఆమె కుడిచేతి మీద వెంట్రుకలు ఉండవు. నాకూ ఉండవు. మా ఇద్దరికే ఉండవు.

ఈ ఏడాది మే నెలలో మా సరవాక్‌లో కార్మిక చట్టం మారింది. నాకు ఆ సంగతి చెప్పింది మా సంఘంలోని సోదరుడు వాంగ్ కీ పింగ్. మా పక్క సందులో నూడుల్స్ అంగడి అతనిది. మాటల్లో అతన్ని గెలవడం కష్టం.

"విన్నావా హాక్? కాన్పు సెలవు అరవై రోజులు పోయి తొంభై ఎనిమిదైందట. జీతంతో. నోవహు కాలంలో వాన కూడా నలభై రోజులకే ఆగింది కదయ్యా."

"అందరికీనా?" అన్నాను.

"అందరికీ. నాలుగొందల మంది ఉన్న ప్లైవుడ్ మిల్లుకీ, నలుగురున్న నీ కొంపియా కొట్టుకీ ఒకటే కొలత. మొగుడికి కూడా ఏడు రోజులు సెలవట. వాడు ఏం కంటాడని?"

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ చట్టాన్ని నేను చదవలేదు. హెబ్రీ మాటకి అర్థం తెలియకపోతే నాలుగు పుస్తకాలు తిరగేసేవాణ్ణి, ఈ చట్టాన్ని మాత్రం నూడుల్స్ అంగట్లో విని వదిలేశాను. అయితే ఒక మాట. మా భయం నటన కాదు, మేడమ్. మా లాంటి కొట్లో ఒక మనిషి మూడు నెలలు రాకపోతే, వెనక ఇంకో మనిషి ఉండదు. ఆ స్థానంలో యజమాని మోకాళ్ళుంటాయి. నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఇది సాకుగా చెప్పడం లేదు. భయం నిజమే, భయంతో నేను చేసిన పని నాది.

మే నెల మూడో ఆదివారం నా వంతు వచ్చింది. నిర్గమకాండం తీశాను. ఐగుప్తు రాజు ఫరో ఇశ్రాయేలు బానిసలకి గడ్డి ఇవ్వడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించడు అన్న భాగం. "సోదరులారా, ఈ రోజుల్లో ఇటుకలు చేసే ఇశ్రాయేలీయులు ఎవరు? చిన్న అంగళ్ళవాళ్ళం. గడ్డి మనదే, ఇటుక మనదే, వీపు మనదే. కొరడా మాత్రం కొత్త చట్టానిది" అని అరిచాను. జనం ఆమెన్ అన్నారు. వాంగ్ రెండుసార్లు అన్నాడు. గుడి బయట కాఫీ దగ్గర నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ రోజు లెమాయ్ వెనక బెంచీలో ఉంది. ఇబాన్ ఆరాధన వేరే గంటకి జరుగుతుంది. ఆమె మాత్రం "తౌకే చెబితే వినాలి, తమాషాగా చెబుతారు" అని ఇటు వచ్చేది. తౌకే అంటే యజమాని, మీకు తెలిసిన మాటే. ఆమె కూడా ఆమెన్ అంది. అప్పటికి ఆమెకు మూడో నెల. నాకు తెలియదు. నా బోధ విన్నాక ఇంకో రెండు నెలలు ఆమె నాకు చెప్పలేదు. పొట్ట మీద గుడ్డ బిగించి కట్టుకుని, నడుం వంచి, బట్టీలోకి చెయ్యి పెట్టింది. వేడి లోపలికి. రెండు నెలలు. అది నా ప్రసంగం చేసిన పని.

చెప్పింది జూలై ఏడున, సోమవారం, పొద్దున్న రొట్టెలు దించాక. ఏప్రన్ తాళ్ళు వెనక కలవడం లేదు. నా భార్య అది చూసి నవ్వింది. "ఇంక దాచేదేముంది, చెప్పెయ్యి" అంది.

"తౌకే, నవంబర్‌లో" అంది లెమాయ్.

అప్పుడే నేను క్యాలెండర్ చూశాను. నవంబర్, డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి. క్రిస్మస్, ఆ వెనకే మా చైనీయుల కొత్త సంవత్సరం. రొట్టె ఎక్కువ పోయే రోజులన్నీ అందులోనే ఉన్నాయి. "దేవుని దీవెన" అన్నాను. నోటితో అన్నాను.

ఆ వారంలో ఆమె చెల్లెలు సెండీ ఊరినుంచి వచ్చింది. మూడు పొద్దులు బట్టీ పక్కన అక్క వెనకే నిలబడింది. చూడ్డానికి వచ్చిందనుకున్నాను. "కనుబొమ్మలు కాలిపోతాయి, పెళ్ళి కాదు నీకు" అని ఆటపట్టించి వేడి రొట్టె చేతిలో పెట్టాను. ఆ పిల్ల నవ్వి, ఆ చేత్తోనే ఒక పిండి బిళ్ళని గోడకి అంటించింది. అది పడలేదు. నేను చూశాను, అయినా ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ గిన్నె సంగతి. మీరు ముకా వైపు మెలనావు తెగవాళ్ళు కాబట్టి మా ఫూచౌ చైనీయుల పద్ధతి చెప్పాలి. మీసువా అంటే దారమంత సన్నంగా, పొడుగ్గా ఉండే సేమ్యా. మా ఇళ్ళలో నోటితో చెప్పలేనివన్నీ ఆ గిన్నెతో చెబుతాం. బిడ్డ పుడితే తల్లికి, బియ్యంతో ఇంట్లోనే ఊరబెట్టిన ఎర్ర సారాలో ఉడికించిన కోడితో మీసువా పెడతాం. మేం మెథడిస్టులం, సారా తాగం, వంటలో వేసుకుంటాం. ఎవరైనా ఇల్లు విడిచి పోతుంటే, పని విడిచి పోతుంటే, సారా లేని ఉత్త కోడిరసంలో మీసువా వేసి, పొట్టు తీసిన రెండు గుడ్లు పైన పెట్టి ఇస్తాం. క్షేమంగా వెళ్ళు అని. మా కొట్లో పని మానుకున్న ప్రతివాడికీ ఆ గిన్నె పెట్టాం. ముసలి బట్టీ మేస్త్రీకి, సింగపూర్ పోయిన వాడికి, మిరిలో పెళ్ళయిన పిల్లకి. ఆ మూడు గిన్నెలూ ఎదురుగా పెట్టింది లెమాయే. కడిగిందీ ఆమే. ఆ గిన్నెలో రెండు గుడ్లుంటే దాని మాట ఏమిటో ఆమెకి తెలుసు. ఆమెకి తెలుసని నాకు తెలుసు.

చట్టం మారాక కడుపుతో ఉన్న మనిషిని ఆ కారణంతో పంపెయ్యకూడదని వాంగ్ చెప్పాడు. "నోరు జారకు. కాగితం ఇవ్వకు. తనే పోతే మాత్రం నీ తప్పేముంది?" అన్నాడు. గిన్నె సంగతి అతను చెప్పలేదు. అది నా బుర్రలో పుట్టింది. నా బుర్ర వాక్యంతో నిండి ఉంటుందని ఊరంతా అనుకుంటుంది.

జూలై ఇరవై ఐదు, శుక్రవారం. నా భార్య పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆమె లేని పొద్దు కావాలనే చూసుకున్నాను. నేనే వండాను. పదిన్నరకి బట్టీ చల్లారింది. లెమాయ్ చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చింది.

"తౌకే, ఒక మాట చెప్పాలి, సెండీ..."

"ముందు తిను" అన్నాను. గిన్నె ముందు పెట్టాను.

గిన్నెలో రెండు గుడ్లున్నాయి.

ఆమె గుడ్ల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నేను అప్పుడు తూకం రాళ్ళు సర్దుతున్నాను. సర్దాల్సిన పని లేదు.

"ఎవరికి తౌకే?" అంది.

"నీకే. వేడిగా ఉంది, తిను."

"నాకే" అంది. అడగలేదు, అంది.

సులావ్ పిండి పిసకడం ఆపింది. ఆ హీ ఫోన్ చూసుకుంటూ బయటికి పోయాడు. లెమాయ్ కూర్చుని మొత్తం తింది. సేమ్యా తెంపకుండా తింది, మా వాళ్ళ పద్ధతి ప్రకారం. రెండు గుడ్లూ తింది. గిన్నె కడిగింది. తుడిచి బోర్లించింది. ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. "రుచిగా ఉంది తౌకే. దేవుడు మీకు మేలు చెయ్యాలి" అని బయటికి వెళ్ళింది. ఆ వెళ్ళినవైపు నేను చూడలేదు. గిన్నె బాగా కడిగిందా లేదా అని గిన్నె చూశాను. శుభ్రంగా ఉంది.

నా భార్య వచ్చి అడిగితే, "ఒంట్లో బాగోలేదట, మానేసింది" అన్నాను. సులావ్ అక్కడే ఉంది. పిండి పిసుకుతూనే ఉంది. తర్వాత లెమాయ్ మీ దగ్గర ఫిర్యాదు పెట్టినప్పుడు సులావ్, ఆ హీ ఇద్దరూ ఒకే మాట చెప్పారు. "తౌకే వెళ్ళమనలేదు, ప్రేమగా భోజనం పెట్టారు." నేను వాళ్ళకి నేర్పలేదు. నేర్పక్కర్లేదు. సులావ్‌కి ఇద్దరు మనవలున్నారు. ఆ రోజునుంచి రోజూ పొద్దున్న అంగట్లోకి వస్తూనే పొయ్యి వంక చూసి, "ఇవాళ గిన్నె లేదు కదా తౌకే?" అంటుంది. నవ్వుతూనే అంటుంది. నేను కూడా నవ్వేవాణ్ణి.

మీరు నన్ను పదకొండో తారీకున అడిగారు, "మీరు ఆమెను వెళ్ళమన్నారా?" అని. లేదు అన్నాను. మీకు మా గిన్నె తెలియదు. చట్టానికీ తెలియదు. చట్టం కాగితం అడుగుతుంది, మాట అడుగుతుంది. ఆ రెంటి మధ్య సందులోంచి నేను దూరిపోయాను. ఇంటికెళ్ళి మోకాళ్ళూని ప్రార్థన కూడా చేశాను, మేడమ్. కృతజ్ఞతా ప్రార్థన.

మొన్న ఆదివారం మళ్ళీ నా వంతు. ఈసారి పాఠం నేను ఎంచుకున్నది కాదు, సంఘం ముందే వేసిన వరస. ఆదికాండం ఇరవై ఒకటి. అబ్రాహాము పొద్దున్నే లేచి, రొట్టె, నీళ్ళ తిత్తి దాసి హాగరు భుజం మీద పెట్టి, బిడ్డతో సహా ఆమెను ఎడారిలోకి పంపిన చోటు. ఆ భాగం నేను పాతికసార్లు చెప్పి ఉంటాను. ఎప్పుడూ అబ్రాహాము వైపునుంచే చెప్పాను, పాపం ఆయన మనసెంత నొచ్చుకుందో అని. ఈసారి "రొట్టె పెట్టి పంపాడు" అని చదివి, ఆ వరస మీదే వేలు పెట్టి ఆగిపోయాను. రొట్టె పెట్టి పంపాడు. భోజనం పెట్టాడు కాబట్టి పంపలేదని అబ్రాహాము ఎవరికైనా వాంగ్మూలం ఇచ్చాడా? ఇవ్వలేదు. ఆయనకంటే నేను కిందివాణ్ణి. ఒంట్లో బాగోలేదని చెప్పి దిగిపోయాను. అదే అబద్ధం, రెండోసారి.

నిన్న సాయంత్రం నా భార్య పెరట్లో జాడీ మూత తీసి చూస్తోంది. ఎర్ర సారా. జూలైలోనే పెట్టింది.

"బాగా ఊరింది. లెమాయ్ ఎక్కడుందో కనుక్కో. పనిలో లేకపోతేనేం, కాన్పుకి మన గిన్నె వెళ్ళాలి" అంది.

"మన గిన్నె ఆమె తినదు" అన్నాను.

"ఎందుకు తినదు? నా చేతి వంట ఆమెకిష్టం."

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. జాడీ మూత ఆమె చేతిలోనే ఉంది.

"కాన్పయ్యాక పెట్టాల్సిన గిన్నె ముందే పెట్టావు. సారా లేకుండా పెట్టావు. నేను ఇంట్లో లేనప్పుడు పెట్టావు" అంది. "బోధకుడు గారూ, ఆ గుడ్లు ఎవరు ఒలిచారు?"

"నేనే."

"నలభై ఏళ్ళలో ఒక్క గుడ్డు ఒలవలేదు నువ్వు. ఆ రోజు రెండు ఒలిచావు." జాడీకి మూత బిగించి లోపలికి వెళ్ళింది.

ఇవాళ పొద్దున్న ఏడింటికి లెమాయ్ ఉండే ఇంటికి వెళ్ళాను. తలుపు తీసింది ఙెలాయ్. నా చేతుల వంక చూశాడు.

"ఈసారి ఎన్ని గుడ్లు తెచ్చావ్ తౌకే?"

"ఏమీ తేలేదు. తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను. లెమాయ్‌తో..."

"ఒప్పుకోవాల్సింది ఇక్కడ కాదు. ఆఫీసులో ముగ్గురు చెప్పారు, నా భార్య తనే మానేసిందని. ముగ్గురి మాట ముందు ఒక్కదాని మాట ఎవరు వింటారు? ఫిర్యాదు వదిలేసుకుంటానంది. ఇవాళ ఒంటిగంట బస్సుకి వాళ్ళమ్మ దగ్గరికి పోతోంది." అతని వెనక గోడకి ఒక సంచి ఆనించి ఉంది, కట్టేసి ఉంది.

"ఎనిమిదో నెల కదా. అక్కడ ఆసుపత్రి లేదు, పడవలో..."

"అవును. జీతం లేకుండా ఇక్కడ గది అద్దె ఎవరు కడతారు? నీ ఫరో కడతాడా?"

నా ప్రసంగం అతనికి కూడా తెలుసు. లోపల్నుంచి లెమాయ్ గొంతు వినిపించింది. "ఎవరొచ్చారు?" "ఎవరూ లేరు" అన్నాడు అతను, తలుపు మూశాడు. అది అబద్ధం కాదనిపించింది.

అక్కడినుంచి అంగడికి వెళ్ళి సులావ్‌కి చెప్పాను, నేను ఆఫీసుకి పోతున్నాను, నువ్వు కూడా నిజం చెప్పు, నీ పని ఎక్కడికీ పోదు అని. సులావ్ పిండి చేతులతోనే కూర్చుండిపోయింది. "సెండీ ఊరికే వచ్చిందనుకున్నావా తౌకే? అక్క సెలవులో ఉన్నన్ని రోజులు బట్టీ దగ్గర నిలబడ్డానికి నేర్చుకుంటూ వచ్చింది. నీకు ఇబ్బంది కాకూడదని లెమాయే పిలిపించింది. ఆ రోజు అదే చెప్పబోయింది" అంది. "నువ్వేమో, ముందు తిను అన్నావు."

ముందు తిను అన్నాను.

మూడు నెలలు మనిషి దొరకదని భయపడ్డాను. ఆ మనిషి నా కళ్ళముందు నా బట్టీ గోడకి నా రొట్టె అంటించింది. నేను చట్టం చదవలేదు, ఎదురుగా ఉన్న పిల్లనీ చదవలేదు. అంగడి యజమానికి వాక్యంలో ఒక ఆజ్ఞ ఉంది, కూలివాడి కూలి పొద్దు వాలేలోగా ఇచ్చెయ్యమని. దాన్ని నేను వందసార్లు మిల్లులవాళ్ళ మీద ప్రయోగించాను. నా మీద ఒక్కసారి కూడా కాదు.

కాబట్టి రాసుకోండి. లెమాయ్ తనంతట తను మానలేదు. నేను ఆమెను పనినుంచి పంపేశాను. ఆమె కడుపుతో ఉందనే పంపేశాను. నోటితో కాదు, గిన్నెతో. ఆమె స్థానం ఆమెదే. సెలవు చట్టం ప్రకారం ఎన్ని రోజులైతే అన్ని రోజులు, జీతంతో. ఇన్నాళ్ళ జీతం కూడా. దీనికి నాకు పడే శిక్ష ఏదైనా తగ్గించమని అడగను. సులావ్, ఆ హీ మీద మాత్రం చర్య వద్దు. వాళ్ళు నాకు భయపడ్డారు, అంతే. వచ్చే ఆదివారం సంఘం ముందు ఇదే మాట చెబుతాను, నన్ను నిలబెడితే. నిలబెట్టకపోతే మెట్ల దగ్గర చెబుతాను.

ఇది నేను తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పింది. నాకు చదివి వినిపించారు, విన్నాను. దీనికి ముందు ఇచ్చిన వాంగ్మూలంలో నిజంగా నిలిచేది నా పేరు, వయసు, చిరునామా మాత్రమే. ఇందులో ప్రతి మాటా నిజం, దేవుడు వింటున్నాడని తెలిసే చెప్పాను.

(సంతకం) తియోంగ్ సీ హాక్
సిబు, అక్టోబర్ 15, 2025, బుధవారం, ఉదయం 11:40

సంతకం తర్వాత వాంగ్మూలదారు తన చేత్తో చేర్చింది:

మేడమ్, ఫైలు తర్వాత కట్టండి. బస్సు ఒంటిగంటకి. నా ఫోన్ వాళ్ళు ఎత్తరు, మీది ఎత్తుతారు. ముగ్గురిలో ఒకడు మాట మార్చాడని చెప్పండి. సంచి విప్పమని చెప్పండి. ఈ సంతకం సిరా ఆరకముందే, ఇప్పుడే చెయ్యండి.